బుజ్జిబాబు ఆడుకుంటున్నాడు, మీరు కదలొద్దు

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకి చుట్టాల కరువు ఉండదు. ఈ సంగతి పూర్తిగా తెలిసిన ఎం.ఆర్.పల్లి పెద్దమనిషి ఒకాయన ఇంట్లో కరిచే పిల్లిని పెంచుతున్నారంటే, మొదట్లో అందరం ఆయన ముందుచూపుకి మురిసిపోయాం. అది ముందుచూపు కాదట, ముద్దట.

పర్షియన్ జాతి, పేరు బుజ్జిబాబు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు కరుస్తాడు. కరిచిన ప్రతిసారీ ఇంటాయనది ఒకటే మాట: "ఏం చేయడు సార్, ఆడుకుంటున్నాడు." రక్తం కారే చెయ్యి చూపిస్తే, "మీరు లాక్కున్నారు కదా, అందుకే" అంటారు.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. లాక్కున్న చెయ్యి పిల్లికి పారిపోయే ఎలుకతో సమానం, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కదలకుండా ఉంటే చాలాసార్లు వదిలేస్తుంది. కాకపోతే ఈ పాఠాలన్నీ ఆయన మనకు చెబుతున్నారు. ఆ ఇంట్లో శిక్షణకి లోటు లేదు, పొందేది అతిథులు. గుమ్మంలోనే నియమాలు వినిపిస్తారు: కొంగు వేలాడకూడదు, కుచ్చులు పనికిరావు, పంచె అంచు కాళ్ళ దగ్గర ఆడకూడదు. కొండ మీద సేవకి సంప్రదాయ దుస్తులు లేకపోతే లోపలికి పంపరు. ఇక్కడ అవి ఉంటే కరుస్తాడు. ఒకే రోజు రెండు చోట్లా దర్శనం పెట్టుకున్నవాళ్ళు రెండు జతలు తెచ్చుకోవడం మంచిది.

ఆయన పెదనాయన ఆదోని నుంచి వచ్చారు. మొక్కు ప్రకారం అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, గుండు కొట్టించుకుని, గంధం పూసుకుని, దర్శనం చేసుకుని, రాత్రికి ఈ హాల్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. కాళ్ళు పీకుతుంటే ఎవరైనా వేళ్ళు ఆడిస్తారు. దుప్పటి కింద ఏదైనా ఆడితే ఏ పిల్లయినా దూకుతుంది. బుజ్జిబాబు బీరువా మీంచి దూకాడు. పెద్దాయన "గోవిందా!" అని కేక పెట్టారు. చుట్టూ పడుకున్న చుట్టాలు నిద్రలోనే "గోవిందా!" అని అందుకున్నారు. ఆయన ఇంకా గట్టిగా అరిచారు. వాళ్ళూ ఇంకా గట్టిగా పలికారు. ఈ భజన ఎంతసేపు సాగేదో కానీ, పక్క వాటా వాళ్ళు తలుపు కొట్టారు. ఇంటాయన లైటు వేసి, "పెదనాయనా, కదలొద్దు! శిలలా ఉండు!" అన్నారు. పెద్దాయన శిల అయిపోయారు. బుజ్జిబాబు వేలు వదిలేసి, తల ఎత్తి, గంధం పూసిన గుండును మొదటిసారి శ్రద్ధగా చూశాడు. తోక నేలకేసి టపటపా కొడుతున్నాడు, చెవులు వెనక్కి వాలిపోయాయి. "చూడండి, తోక ఊపుతున్నాడు, పెదనాయనంటే ఎంత ఇష్టమో!" అని ఇంటావిడ వీడియో మొదలుపెట్టారు. అది కుక్క భాష తల్లీ. పిల్లి తోక అలా కొట్టుకుంటే చిరాకు తలకెక్కిందని అర్థం. వీడియో ఇంకా ఉంది. గుండు భాగం చివర్లో వస్తుంది.

ఇంతకీ వాడికి ఈ విద్య నేర్పింది ఎవరు? ఈయనే. రెండు నెలలైనా నిండకుండా తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చారు. తోటి కూనల్ని గట్టిగా కొరికితే అవి కీచుమని ఆట మానేస్తాయి. ఎంతవరకు కొరకవచ్చో పిల్లికూన అలాగే తెలుసుకుంటుంది. ఈయన దాన్ని ఇంటికి తెచ్చి, ముఖం ముందు అయిదు వేళ్ళూ ఆడించి, కొరికినప్పుడల్లా కిలకిలా నవ్వారు. పాలపళ్ళతో కొరికితే చక్కిలిగింతే. ఇప్పుడున్నవి 30 గట్టి పళ్ళు.

మాన్పించడం బ్రహ్మవిద్య కాదు. కర్రకి తాడు కట్టి పూటకి పది నిమిషాలు ఆడించాలి, చివర్లో దొరకనివ్వాలి, ఆ వెంటనే తిండి పెట్టాలి. ఇంట్లో ఒక్కరు కూడా చేత్తో ఆడకూడదు. కరిస్తే కొట్టకుండా, అరవకుండా ఆట ఆపేసి అవతలికి పోవాలి. ఓపిక కావాలి, అంతే. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి ఏకంగా పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది, అడిగితే చెబుతారు. ఈయన మాత్రం ఫోన్‌లో ఎవరో చెప్పారని, ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు కొట్టే సీసా పట్టుకుని ఇల్లంతా తిరిగారు. సీసా చేతిలో ఉన్నప్పుడు కరవకూడదని బుజ్జిబాబు చక్కగా నేర్చుకున్నాడు.

మొన్న ఆ పిల్లి, వాళ్ళింట్లో గిన్నెలు తోమే ఆమెని కరిచింది. మణికట్టు మీద రెండు సన్న గాట్లు. ఇంటావిడ పసుపు అద్ది, "కుక్కా ఏమన్నానా, పిల్లేగా" అన్నారు. అంతకుముందు ఇదే పిల్లి ఇంటాయన బొటనవేలు కొరికితే, కారులో ప్రైవేటు ఆసుపత్రికి పరిగెత్తి రేబిస్ టీకా కోర్సు మొత్తం చేయించుకున్నారు. ఆ రోజు పసుపు డబ్బా ఎక్కడికి పోయిందండీ? పిల్లికి టీకా వేయించారా అంటే, గడప దాటడని జవాబు. మరి బాల్కనీలో వీధి పిల్లులతో కొట్లాడేది ఎవరు?

పిల్లి కాటుతోనూ రేబిస్ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక చావే, కాపాడే మందు లేదు. రేబిస్ కాకపోయినా, ఆ సన్నటి పళ్ళు క్రిముల్ని లోతుకి దింపుతాయి, చెయ్యి వాచిపోతుంది. చేయాల్సింది 15 నిమిషాలు కుళాయి ధార కింద సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పంపడం. రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితమే. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వెళ్ళాలి. రెండో సూదికి వెళ్ళొచ్చిన ఆమెకి, "చెప్పకుండా మానేశావు" అని ఆ పూట జీతం కోశారు. మీ పిల్లి కరిచింది, మీ సరదా కరిచింది, జీతం ఆమెకి కోస్తారా? కాస్తయినా సిగ్గుండక్కర్లా? ఆ పిల్లి నెల తిండి ఖర్చు ఆమె నెల జీతం కంటే ఎక్కువని మీ నోటితోనే గొప్పగా చెప్పుకున్నారు కదా!

కోసిన డబ్బు తిరిగివ్వండి. మిగిలిన రెండు సూదులకీ జీతంతో సెలవివ్వండి. ఆటో డబ్బులూ మీవే.