పెద్ద తలుపు, పక్క తలుపు

సింగరాయకొండకీ కావలికీ మధ్య హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఒక పాత ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) గుడి గురించి ఈ వాదన. దాన్ని కూల్చి శ్లాబు గుడి కట్టాలని విచారణ (పారిష్) పెద్దల్లో చాలామంది మాట. ఊళ్లో మతబోధ చేసే ఉపదేశిగా చేసి రిటైరైన పెదనాన్న అటు, సివిల్ ఇంజనీరింగ్ చదివిన తమ్ముడి కూతురు ఇటు. ముసలాయన కొత్తది కావాలంటున్నాడు, పిల్ల పాతది ఉండాలంటోంది.

పెదనాన్న: వాన పడితే బలిపీఠం మీద పట్టా కప్పుకుని పూజ చేసుకుంటున్నాం. గోడకి చెయ్యి తగిలితే పొడి రాలుతోంది. ఇంకా ఎన్నాళ్లమ్మా?

అమ్మాయి: ఆ రాలేది మనం పూసిన సిమెంటు పెదనాన్నా. లోపలున్నది ఇటుక, డంగు సున్నం. నేలలోంచి చెమ్మ ఎలాగూ పైకి ఎక్కుతుంది. సున్నం గోడైతే అది బయటికి ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూసి, ఆపైన ఆయిల్ పెయింటు కొట్టాం. తడికి దారి లేక ఇంకా పైకెక్కి, మోసుకొచ్చిన ఉప్పంతా ఇటుకలోనే దింపుతోంది. సముద్రం పక్క నేల, ఉప్పుకి కొదవా?

పెదనాన్న: సరే, సున్నం పని చేసే మేస్త్రీ ఏడీ? గానుగ ఏదీ? కరక్కాయ, బెల్లం నానబెట్టి ఆ నీళ్లతో సున్నం కలిపేవాళ్లని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాటంటే నవ్వుతారు.

అమ్మాయి: గానుగకి ఎద్దులక్కర్లేదు, మోటారు చాలు. మేస్త్రీలు తక్కువే, కాదనను. పని కూడా ఆలస్యమే. గాల్లోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటేగానీ సున్నం గట్టిపడదు, దానికి నెలలు పడుతుంది. క్రిస్మస్ లోపు అయిపోవాలని పట్టుపడితే కుదరదు.

(ఇక్కడ ఆమె కాస్త తప్పించుకుంది. మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడో చెప్పలేదు.)

పెదనాన్న: 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకి మంగుళూరు పెంకంతా ఎగిరిపోయింది. అప్పుడు నువ్వు పుట్టలేదు. ఆ తర్వాతే ఈ రేకులు వేశాం. శ్లాబు అయితే ఎగరదు.

అమ్మాయి: పెంకు ఎగిరింది, గోడ కదిలిందా? ఆ కమానులు చూడండి, పైన మొన తేలి ఉంటాయి. గుండ్రటి కమాను బరువును పక్కలకి ఎక్కువ తోస్తుంది. మొన తేలినది కిందికి దింపుతుంది. పక్కకి పోయే ఆ కాస్త తోపును బయట ఆనుడు గోడలు పట్టుకుంటాయి. టేకు దూలాలు బాగున్నాయి, పెంకు మళ్లీ వేయొచ్చు.

(మంగుళూరు పెంకు ఫ్యాక్టరీని 1865లో మొదలుపెట్టింది బాసెల్ మిషన్. అంటే ప్రొటెస్టెంటులు. కతోలిక గుళ్ల నెత్తిన వాళ్ల పెంకే ఎక్కింది.)

పెదనాన్న: ఆ కమానులు మనవా? ఇంగ్లండు మిషన్ వాళ్లు, మిల్‌హిల్ ఫాదర్లు 1875లో వచ్చారు. 1928లో నెల్లూరు మేత్రాసనం (బిషపు గారి డయోసిస్) ఏర్పడేదాకా మనం మద్రాసు కిందే. వాళ్ల దేశంలో చూసినట్టు ఇక్కడ కట్టుకున్నారు.

అమ్మాయి: 1591 నాటి చార్మినార్‌కి ఉన్నదీ మొన తేలిన కమానే. మన మేస్త్రీలకి అది కొత్తేం కాదు.

పెదనాన్న: చిన్నప్పుడు ఫాదర్ గారు మాకు వీపు పెట్టి లాటిన్‌లో పూజ చేసేవారు. ఆ గుడి అందుకోసం కట్టింది. రెండో వాటికన్ కౌన్సిల్ జరుగుతుండగానే 1964లో రోము నుంచే ఆదేశం వచ్చింది కదా, బలిపీఠం గోడకి దూరంగా ఉంటే మంచిదని, గురువు జనం వైపు తిరిగి పూజ చేయగలగాలని. మనం ఆ పాత పీఠం ముందు ఒక బల్ల వేసుకుని నెట్టుకొస్తున్నాం.

అమ్మాయి: బల్ల తీసి, ముందుకి మంచి రాతి పీఠం పెట్టండి. పాతదాంట్లో సత్ప్రసాదం ఉంచే మందసం ఉండనివ్వండి. ఒక పీఠం కోసం గుడంతా ఎందుకు పడగొట్టడం? మీరు అసలు సంగతి చెప్పట్లేదు.

పెదనాన్న: చెప్పమంటావా? ఉత్తరం వైపు చిన్న తలుపుంది చూశావా? మా తాత అందులోంచి వచ్చి, ఆ పక్కనే నేల మీద కూర్చుని, అందులోంచే వెళ్లిపోయేవాడు. పెద్ద తలుపు ఊళ్లోవాళ్లది. అందరికీ ఒకటే జ్ఞానస్నానం, ఒకటే సత్ప్రసాదం, తలుపులు మాత్రం రెండు. నువ్వు కమాను అందం చూస్తావు, నాకు ఆ తలుపే కనబడుద్ది.

అమ్మాయి: ఆయన నాకూ ముత్తాతే. ఆ ఇటుకలు మోసింది మనవాళ్లేనని మీరే చెప్పారు.

పెదనాన్న: మోసినవాళ్లకే పక్క తలుపు.

అమ్మాయి: తమిళనాడులో, తిరునెల్వేలి వైపు వడక్కంకుళం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి గుడిని కులానికో రెక్క చొప్పున, మధ్యన గోడ పెట్టి కట్టారు. 1910లో గోడ పడగొట్టారు, గుడిని ఉంచారు. అక్కడికి వెళ్లినవాడికి ఆ రెండు రెక్కలు చూస్తేనే ఏం జరిగిందో తెలుస్తుంది. మన గుడి కూల్చేస్తే ఆ తలుపు సంగతి ఎవరికి తెలుస్తుంది? శిలాఫలకం మీద రాస్తారా? దాతల పేర్లు రాస్తారు.

పెదనాన్న: (కాసేపాగి) అది నిజమే. దాతల పేర్లే రాస్తారు.

(నాకు ఈ వాదనలో ఇదే బరువైన మాట. పాత గుడిని కాపాడాలనేవాళ్లు కిటికీ అద్దాల గురించీ గంట గురించీ మురిసిపోతారు. పక్క తలుపు గురించి మాట్లాడరు. అందుకే పెదనాన్నలాంటివాళ్లు వాళ్లని నమ్మరు.)

పెదనాన్న: అయినా పండక్కి సగం జనం ఎండలో నిలబడుతున్నారు. దానికేమంటావ్?

అమ్మాయి: దక్షిణం వైపు ఖాళీ స్థలంలో వరండా దించుదాం. గోడని ముట్టుకోకుండా, విడిగా స్తంభాల మీద.

పెదనాన్న: ముందు ఆ సిమెంటు గీకడానికి ఎంతవుద్దో కాగితం మీద రాసుకురా, మేస్త్రీ పేరుతో సహా. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారి ముందు పెడదాం. ఆ తలుపు మాత్రం ఇటుకతో మూసేయాలి.

అమ్మాయి: మూయడానికి నేను ఒప్పుకోను పెదనాన్నా.

పెదనాన్న: ఆ సంగతి కూడా అక్కడే తేల్చుకుందాం రా.