స్టీరింగ్ కేబుల్ గారూ, అలక తీరిందా అండీ?

ముందు చక్రం తిప్పితే వెనక ఇంజన్ని తిప్పే మా బోటు స్టీరింగ్ కేబుల్ గారికి నమస్కారాలు.

మీరు మామూలు కేబుల్ కాదండీ, సంక్రాంతికి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడు టైపు. ఎన్నాళ్ళ నుంచో మూతి ముడుచుకునే ఉన్నారు, మేమే పట్టించుకోలేదు. చక్రం ఎడమకి వెన్నలా తిరిగేది, కుడికి మాత్రం పళ్ళు బిగబట్టి తిప్పాల్సొచ్చేది. "కొత్తది కదా, టైటుగానే ఉంటది" అనేవాడు మా బావ. బోటు కొని ఆరేళ్ళు.

నరసాపురం కింద గోదారంటే సగం సముద్రమే, పోటొస్తే ఉప్పునీళ్ళు పైకెక్కేస్తాయి, ఆ ఉప్పు ఇంజన్ దగ్గర మీ రాడ్డు దూరే ట్యూబులో చేరి పాత గ్రీజుతో కలిసి గట్టిపడి తుప్పు పట్టించేసింది. మేమేమో దానిమీదే ఇంకా గ్రీజు కొట్టాం. రాడ్డు పూర్తిగా ట్యూబులోకి వెళ్ళాకే కొట్టాలట, బయటికి ఉండగా కొడితే ఆ గ్రీజే లోపల అడ్డుపడి స్టీరింగ్ ని బిగించేస్తదట. మాన్యువల్లో ఉందిలెండి, దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు మేం.

కార్తీకమాసం ఆదివారం, పిల్లాపాపలతో అంతర్వేది బయల్దేరాం, అలక పాన్పు ఎక్కడానికి తమరికి అదే ముహూర్తం కుదిరింది. సరిగ్గా వల కర్రలు పాతిన చోట కుడికి తిప్పితే లోపలెక్కడో "టక్" మంది, అంతే, చక్రం తిరణాల్లో రంగులరాట్నంలా ఉత్తినే తిరుగుతోంది, బోటు మాత్రం ఎడమకే పోతోంది. "ఇంకా తిప్పరా" అని బావ అరుపులు. నేను తిప్పడం మానేసి గేరు న్యూట్రల్ లోకి లాగా, ఆ రోజు మా బోటులో జరిగిన తెలివైన పని అదొక్కటే. అప్పటికే పాటు మొదలై నీళ్ళు మమ్మల్ని సముద్రం వైపు ఈడుస్తున్నాయి, లంగరు వేద్దామంటే దాని తాడు పులిహోర క్యారేజీ కింద చిక్కుపడి ఉంది, లైఫ్ జాకెట్లు పిల్లలకి దిండ్లయ్యాయి. లంగరు పడేలోపు మా అక్క నరసింహస్వామికి మూడు మొక్కులు మొక్కేసింది.

మీకూ ఇంజన్ కీ మధ్య ఉన్న లింకు ఊడదీస్తే ఇంజన్ని చేత్తో తిప్పొచ్చు. దానికి స్పానర్ కావాలి. స్పానర్ ఇంట్లో, బైకు డిక్కీలో. చివరికి వలలు తీస్తున్న ఓ తాత తన నావలోంచి ఇచ్చి, "రేవులోనే చక్రం ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పి, ఎనక ఇంజను తిరుగుతుందో లేదో చూసుకోవాలి గదరా" అన్నాడు. బావ గేరు దగ్గర, నేను వెనక ఇంజన్ పట్టుకుని, మనిషి నడిచే స్పీడులో, బావ కుడంటే నేను ఎడమకి తోస్తూ రేవు చేరేసరికి చీకటి పడింది.

ఇప్పుడు మీ ప్లేసులో కొత్తాయన వచ్చారు. తమరు మా పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య దండెంగా ఉన్నారు కదా, అక్కడ కూడా బుద్ధి మార్చుకోలేదు, మొన్న బావ తెల్లలుంగీ మీద అడ్డంగా తుప్పు గీత.

ఇట్లు,
కుడి ఎడమ తెలియని మీ సరంగు