వీడియో లేదంట, పగిలిన స్టవ్ మా అమ్మే ఉంచుకోవాలంట

స్టవ్ కొన్న షాపింగ్ యాప్ నుంచి ఇప్పుడే మెసేజ్ వచ్చింది. కోపంతో చేతులు వణుకుతున్నాయి, అయినా రాయకుండా ఉండలేను. "ప్యాకేజీ తెరిచే సమయంలో కట్ లేకుండా తీసిన వీడియో సమర్పించనందున మీ రిటర్న్ అభ్యర్థన తిరస్కరించబడింది." అంతే. కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి. నేను పంపిన ఫోటోలు ఒక మనిషైనా తెరిచి చూశాడా అంటే నాకు నమ్మకం లేదు.

కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో ఉండే అమ్మకి మూడు బర్నర్ల గ్లాస్ టాప్ స్టవ్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బు అమ్మదే, పొదుపు సంఘంలో కూడబెట్టుకున్నది. పాత స్టవ్ సరిగా మండదు, జొన్నరొట్టె ఒక పక్క మాడిపోయి ఇంకో పక్క పచ్చిగా ఉంటోందని ఎన్నాళ్ల నుంచో చెప్తోంది. నేనుండేది అనంతపురంలో, ఆర్డర్ నా ఫోన్ నుంచి, ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కి. డెలివరీ అబ్బాయి గుమ్మం ముందు నిలబడి నాకు ఫోన్ చేశాడు, "అక్కా, ఓటీపీ చెప్పు, ఇంకా చానా ఊర్లు తిరగాల" అని. తెరిచి చూశాక చెప్తానంటే, అట్ల కుదరదక్కా, ఈ ఊరికి ఓపెన్ బాక్స్ డెలివరీ లేదు అన్నాడు. ఆ పిల్లోడిని నేను ఒక్క మాట అనను, మన ఎండల్లో బండి మీద తిరిగి పార్సిల్‌కి ఇంత అని ఇచ్చే డబ్బుతో బతికే మనిషి అతను. కానీ ఈ పద్ధతి పెట్టినవాళ్లని అడుగుతున్నా. ఓటీపీ చెప్పకపోతే పార్సిల్ చేతికివ్వరు, చెప్పిన మరుక్షణం సరుకు బాగా అందినట్టు వాళ్ల లెక్కలో రాసేసుకుంటారు. ఇక కొన్నవాళ్లు చూసుకునేది ఎప్పుడు?

అమ్మ టేపు కోసి పెట్టె తెరిస్తే గ్లాస్ మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోయి ఉంది. టఫెన్డ్ గ్లాస్ అంతే, ఒక మూల గట్టి దెబ్బ తగిలితే పలకంతా ఒకేసారి ముక్కలైపోతుంది. పెట్టె మీద పగిలే వస్తువని గాజు గ్లాసు బొమ్మ స్టిక్కర్ అంటించారు, లోపల చూస్తే థర్మోకోల్ రెండు మూలలకే ఉంది, మిగతా రెండు మూలలు ఉత్త అట్టకి ఆనుకుని ఉన్నాయి. స్టిక్కర్ అంటించినంత మాత్రాన సరుకు పగలకుండా ఉంటుందా? ఆ గాజు పలుకులు ఇత్తడి బర్నర్ల రంధ్రాల్లో ఇరుక్కుంటే అమ్మ పిన్నీసు పట్టుకుని ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది. వేలికి గుచ్చుకుంది కూడా. ఎందుకమ్మా ఆ పని అంటే, "డబ్బులు పోసినాం కదా పాపా, బర్నర్లన్నా పనికొస్తాయి" అంది. ఆ మాట విన్నాక నాకు కడుపు రగిలిపోయింది.

వీళ్లకేమో వీడియో కావాలి. మా అమ్మది బటన్ ఫోన్. ఊళ్లో ఆమె వయసు వాళ్లలో చాలామందికి అదే ఫోన్. ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, నాలుగు వైపులా చూపిస్తూ, మధ్యలో ఆపకుండా పెట్టె తెరవాలంట. ఎందుకు? మనమే పగలగొట్టి వాళ్ల మీద నెడతామని. అంటే కొన్న ప్రతి మనిషీ ముందు దొంగ, వీడియో చూపిస్తేనే మంచిమనిషి. సంఘంలో ఒక్క కంతు కూడా తప్పని మా అమ్మని ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు దొంగని చూసినట్టు చూశారు. స్టవ్ పగిలిన దానికంటే ఇదే నాకు ఎక్కువ బాధ.

చట్టంలో ఈ వీడియో మాట ఎక్కడుందో చూపించమనండి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, లోపమున్న సరుకునీ, చూపించిన దానికి వేరుగా వచ్చిన సరుకునీ వెనక్కి తీసుకోను అని సెల్లర్ అనకూడదు, డబ్బు తిరిగివ్వను అని కూడా అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అది అడిగితే యాప్ వాళ్లు "మేం అమ్మేవాళ్లం కాదు, మాది వేదిక మాత్రమే" అంటారు. డబ్బు కట్టించుకున్నది ఎవరి యాప్? ఓటీపీ పంపింది ఎవరు?

ఇంతకన్నా మండేది ఇంకోటుంది. గొడవపడితే ఒక దశలో "సరే, మీ పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ లేదు, మీరే కొరియర్ చేయండి" అన్నారు. సరుకు తెచ్చి ఇవ్వడానికి మా ఊరు కనబడింది కదా, పగిలింది తీసుకుపోవడానికి ఎందుకు కనబడదు? హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే పార్సిల్ కంటైనర్లు 44వ నంబర్ హైవే మీద అనంతపురం పక్క నుంచే పోతాయి, రాత్రంతా ఆ చప్పుడు వింటూ పడుకునే జనం ఉన్నారు ఇక్కడ. అయినా మాకు సేవ లేదు. టీవీ పాడైతే బెంగళూరు పంపాలి అంటారు, ఫోన్ పాడైతే హైదరాబాద్ పోవాలి అంటారు, ఏది అడిగినా మీ ఏరియాకి లేదు అన్నదే సమాధానం. వ్యాపారులనే ఏముందిలే, 1937లో కోస్తా, సీమ నాయకులు కలిసి శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు నీళ్లలో సీమకే మొదటి వాటా అన్నారు, ఆ కాగితం ఏమైందో మన తాతలకి తెలుసు, మనకీ తెలుసు. సీమ జనం అడగరులే అన్న ధీమా అప్పటి నుంచీ అందరికీ అలవాటైపోయింది. అమ్మ కూడా "పోనీలే పాపా" అంటోంది. ఎందుకు పోనివ్వాలి?

నేను వదలను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక సెల్లర్ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. పగిలిన స్టవ్‌ని గాజు పలుకులతో సహా పెట్టెలోనే ఉంచమని అమ్మకి చెప్పాను. మీకు ఇలా జరిగితే మీరూ పెట్టె పారేయకండి, దాని మీద అంటించిన చిరునామా కాగితం చింపకండి, వాళ్లతో జరిగిన చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. వీడియో లేదని రిటర్న్ కాదన్నవాళ్లు అనంతపురం, కర్నూలు, కడపలో ఇంకెవరున్నా నాకు మెసేజ్ చేయండి, ఫిర్యాదు ఎలా రాయాలో నేను చెప్తాను.