యోగ్యకర్తను కుంగదీసిన సుంకాల పద్దు

ఇండోనేషియాలోని జావా ద్వీపంలో ఉన్న యోగ్యకర్త రాజ్యపు సుల్తాన్ రెండో హమెంగ్కుబువోనోను డచ్చి, ఇంగ్లిష్ అధికారులు మొండివాడని, క్రూరుడని రాసిపెట్టారు. 1811లో సొంత ప్రధాని దనురెజాను చంపించిన మాట నిజమే. కానీ ఆయన దేనికి మొండికేశాడో చూడాలి.

మొదటిది ఆసనం తగాదా. ఇకపై తన ప్రతినిధి దర్బారులో టోపీ తియ్యడని, సుల్తాన్‌కు సమానమైన ఎత్తులో కూర్చుంటాడని, గొడుగు పట్టించుకుంటాడని 1808లో డచ్చి గవర్నర్ జనరల్ దాందెల్స్ హుకుం జారీచేశాడు. జావా దర్బారులో ఆసనం ఎత్తే హోదా. జావా డచ్చివారి నుంచి ఇంగ్లిష్ వారి చేతికి పోయాక, 1811 డిసెంబరులో ఇంగ్లిష్ అధికారి రాఫుల్స్ వచ్చినప్పుడు ఈ గొడవ కత్తులు దూసేదాకా వెళ్లింది.

రెండోది డబ్బు. 1746లో ఉత్తర తీరాన్ని తీసుకున్నందుకు డచ్చి కంపెనీ ఏటా కౌలు కట్టేది. పాత జావా రాజ్యం రెండుగా చీలాక అందులో యోగ్యకర్త వాటా 10,000 స్పానిష్ డాలర్లు. 1811 జనవరి ఒప్పందంతో దాందెల్స్ ఆ కౌలు ఎగ్గొట్టాడు, తీరం మాత్రం ఉంచుకున్నాడు.

1812 జూన్ 20న ఇంగ్లిష్ సేన కోటను పట్టుకుని సుల్తాన్‌ను పెనాంగ్‌కు పంపేసింది. ఈ ముట్టడి గురించే అందరూ చెబుతారు. అసలు దెబ్బ ఆగస్టు 1 నాటి ఒప్పందం. సారవంతమైన కెడు సీమ పోయింది. బాటల మీది సుంకపు ఠాణాలు, సంతలు ఇంగ్లిష్ కంపెనీ పరమయ్యాయి. బదులుగా దర్బారుకు ఏటా 1,00,000 డాలర్ల భరణం. ఠాణాలను చైనీయ గుత్తేదారులకు పాటకిచ్చారు. పాట సొమ్ము రాబట్టుకోవాలి గనక గుత్తేదారు మూటమూటకూ సుంకం పిండేవాడు. డచ్చివారు తిరిగొచ్చాక కూడా పాట పెంచుకుంటూనే పోయారు. 1825లో సుల్తాన్ మనవడు దిపోనెగొరో తిరగబడినప్పుడు జనం తగలబెట్టినవాటిలో ఈ ఠాణాలున్నాయి. ఐదేళ్ల పోరులో సుమారు 2 లక్షల మంది జావా ప్రజలు చనిపోయారు. జనాన్ని చల్లబరచడానికి డచ్చివారికి దొరికిన దారేమిటి? అదే ‘మొండివాణ్ని’ 76 ఏళ్ల వయసులో, 1826లో, ప్రవాసం నుంచి రప్పించి మళ్లీ గద్దెనెక్కించారు. రెండేళ్లు తిరగకుండానే ఆయన కన్నుమూశాడు.

1812లో కోటతోపాటు దాని గ్రంథాలయమూ దోపిడీ అయింది. రాతప్రతులు పట్టుకెళ్లినవారిలో కాలిన్ మెకంజీ ఒకడు, మన కైఫీయత్తుల (ఊళ్ల చరిత్రల) మెకంజీయే. తెలుగునాట ఊరి కరణాలను అడిగించి రాయించుకున్న మనిషి, అక్కడ ఓడిన కోటలోంచి తీసుకున్నాడు. అలా తరలిపోయిన కాగితాల్లో దర్బారు ఉత్తరాలు, భూముల లెక్కలు, జమాఖర్చులు ఉన్నాయి. సుల్తాన్ మీద పడిన ముద్రకు జవాబు చెప్పగలిగేవి అవే. 2019లో 75 గ్రంథాల డిజిటల్ ప్రతులు యోగ్యకర్త చేరాయి. అసలు ప్రతులు లండన్‌లోనే ఉన్నాయి.