మిగిలిన సమయానికి ఒక రిజిస్టర్

తరగతి గదిలోకి కృత్రిమ మేధ వచ్చింది కాబట్టి ఇక టీచర్లకు సమయమే సమయమని పెద్దలు సెలవిస్తున్నారు. ఇక్కడ పెద్దలంటే తరగతి గది గుమ్మం తొక్కి చాలాకాలమైన వారు. వారి మాట శిరసావహిస్తూ, ఇప్పటిదాకా సాధించిన ప్రగతిని సవినయంగా నివేదించుకుంటున్నాం.

ముందుగా పాఠ్య ప్రణాళిక. ఒకప్పుడు రాత్రి కూర్చుని ఒక పేజీ రాసుకొస్తే దాన్ని ఎవరూ చదివేవారు కాదు. ఇప్పుడు ‘అయిదో తరగతి, భిన్నాలు, నలభై నిమిషాలు’ అని టైప్ చేస్తే చాలు, క్షణాల్లో నాలుగు పేజీలు. లక్ష్యాలు, కృత్యాలు, మూల్యాంకనం, వెనకబడిన పిల్లలకు ఒకటి, ముందున్న పిల్లలకు ఇంకోటి. దీన్నీ ఎవరూ చదవరు. కాకపోతే చదవనిది నాలుగింతలైంది. అంత ఓపిక లేని తనిఖీ అధికారి దాన్ని మళ్లీ యంత్రానికే ఇచ్చి ఒక పేజీకి కుదించమంటారు. అలా పాత పేజీ మళ్లీ పుడుతుంది. మధ్యలో మనిషికి మిగిలింది కాపీ, పేస్ట్. వేళ్లకు మంచి వ్యాయామం.

ఇక హోంవర్క్. వ్యాసం పిల్లలు రాశారా, యంత్రం రాసిందా అని తేల్చే యంత్రాలూ వచ్చాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒకటి వదిలింది. వాళ్లు చెప్పిన లెక్కే చూడండి: యంత్రం రాసినవి వంద ఇస్తే 26 పట్టుకుంటుంది, మనుషులు రాసినవి వంద ఇస్తే 9 యంత్రానివేనని నింద వేస్తుంది. అదే ఏడాది జులైలో దాన్ని మూసేశారు. వందకు 26 తెచ్చుకున్న పిల్లాణ్ణి ఇంట్లో ఏమంటారో చెప్పనక్కర్లేదు. ఇది మాత్రం ఏకంగా పరీక్షాధికారి హోదాలో దిగింది.

పిల్లలు తెలివైనవాళ్లు. ‘రెండు అక్షర దోషాలు కలిపి రాయి’ అని యంత్రానికే పురమాయిస్తున్నారు. సొంతంగా, తప్పుల్లేకుండా రాసే పిల్లకే ఇప్పుడు టెన్షన్. చక్కగా రాయమని ఏడాదంతా చెప్పిన టీచరే “ఇంత చక్కగా ఎలా రాశావు?” అని నిలదీస్తారు.

న్యాయం మాట్లాడుకోవాలంటే యంత్రానికి మంచి గుణాలూ ఉన్నాయి. ఒకే పేరాను మూడు స్థాయిల్లో రాసిపెడుతుంది. అదే సందేహం ఏడోసారి అడిగినా విసుక్కోదు. నలుగురిలో నోరు విప్పలేని పిల్లలకు ఇది చిన్న మేలేం కాదు. తప్పు చెప్పేటప్పుడు కూడా తడబడదు. అంత ధీమా కొత్త టీచరుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

భిన్నాల పాఠంలో ఒక పిల్లవాడు 1/4 కంటే 1/8 పెద్దదన్నాడు. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా మరి, వాడి లెక్క వాడిది. ఎందుకు కాదని ట్యాబ్‌ను అడిగితే అది ‘అద్భుతమైన ప్రశ్న!’ అని మొదలుపెట్టి, రంగురంగుల వృత్తాలు గీసి, ఓపిగ్గా వివరించింది. వాడు ‘అర్థమైంది’ నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

టీచరమ్మకు మాత్రం ఓ దురలవాటు ఉంది, పిల్లల మొహాలు చూడటం. “సరేరా, 1/8 పెద్దదా, 1/10 పెద్దదా?” అని అడిగారు. వాడు ఆవిడ కనుబొమల వైపు చూస్తూ “1/10... కాదు కాదు, 1/8... కాదు టీచర్, ముందు చెప్పిందే” అన్నాడు. ఆవిడ ఒక కాగితం చింపి వాడి చేతికిచ్చి మడవమన్నారు. రెండుసార్లు మడిస్తే నాలుగు భాగాలు, మూడోసారి మడిస్తే ఎనిమిది. “ఇదేంటి టీచర్, ముక్క చిన్నదైపోతోంది!” అన్నాడు వాడు, మోసపోయినట్టు మొహం పెట్టి.

దీనికి పది నిమిషాలు పట్టింది. పిల్లల ప్రగతిని తెర మీద చూపే డాష్‌బోర్డు ప్రకారం మాత్రం పిల్లవాడు అప్పటికే భిన్నాల్లో నిష్ణాతుడు, టీచరు ఆ పది నిమిషాలూ ఖాళీ.

ఇలాంటి ఖాళీలు వృథా కాకూడదని, ఆదా అయిన ప్రతి నిమిషాన్నీ నమోదు చేసే రిజిస్టర్ పెట్టారు. పద్నాలుగు గడులు, చేత్తోనే నింపాలి. రోజూ గంట పడుతుంది. ఈ గంటను ఏ గడిలో చూపాలో తెలపమని పైవారికి రాశాం. జవాబు నిమిషంలోనే వచ్చింది: ‘అద్భుతమైన ప్రశ్న!’