శాతాలు చాటడమేనా, నేర్పేదేమైనా ఉందా?

వయోజన విద్యా పరీక్ష ముగిసిన ప్రతిసారీ అధికారుల నోట ముందుగా వచ్చేది ఉత్తీర్ణత శాతమే. 2022 నుంచి 2027 వరకు కేంద్రం తలపెట్టిన వయోజన అక్షరాస్యత కార్యక్రమం ఉల్లాస్‌లో చదవడం, రాయడం, లెక్కలకు యాభై చొప్పున కలిపి 150 మార్కులకు పరీక్ష. ప్రతి విభాగంలోనూ 33 శాతం వస్తే అక్షరాస్యులైనట్టు పత్రం చేతికిస్తారు. అక్షరాస్యత 95 శాతానికి చేరిన రాష్ట్రానికి సంపూర్ణ అక్షరాస్యత కిరీటం పెడతారు. ఇలా అడుగడుగునా శాతాలతో ఊరేగే యంత్రాంగం, 50లో 33 శాతం అంటే ఎన్ని మార్కులో ఆ పత్రం అందుకున్న వారు చెప్పగలరా అన్న ఆలోచన మాత్రం చేయదు.

ఆ లెక్క రాకపోతే జరిగే నష్టం చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ పల్లెకు వెళ్లినా కనిపిస్తుంది. పాల కేంద్రంలో ఫ్యాట్ 4.0 నుంచి 3.5కు పడిపోయిందని చీటీ ఇచ్చి, అరశాతమే కదా అని సర్దిచెబుతారు. తగ్గింది అరశాతం కాదు, పాలలోని వెన్నలో ఎనిమిదో వంతు. పది వేల అప్పుకు నెలకు వెయ్యి చొప్పున పన్నెండు వాయిదాలు కట్టించుకునే ఏజెంటు అది ఇరవై శాతం వడ్డీ అంటాడు. అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీని మాత్రం మొదటి రోజు పది వేల మీదే లెక్కగడతారు కాబట్టి, నిజంగా పడేది ఏడాదికి దాదాపు 35 శాతం. అప్పుపై పడే మొత్తం భారాన్ని వార్షిక శాతంగా చూపే వివరపత్రాన్ని, తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. 2024 అక్టోబరు నుంచి అది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు వ్యక్తులకిచ్చే రిటైల్ రుణాలకు వర్తిస్తోంది. భాష అర్థమైనంత మాత్రాన శాతం అర్థం కాదు. ఇక్కడా అదే తంతు: శాతాన్ని అచ్చువేసి చేతిలో పెడతారు, నేర్పే పూచీ ఎవరికీ లేదు.

అక్షరాలే కష్టపడి దిద్దుకుంటున్న వారిపై శాతాలు నేర్చే భారం ఎందుకని కొందరంటారు. చేతిలో ఫోన్ ఉండగా లెక్కల బెంగ దేనికని మరికొందరంటారు. ఫోన్ గుణించి పెడుతుంది గానీ, చెప్పిన వడ్డీ శాతం నెలకా ఏడాదికా, మొత్తం అసలు మీదా మిగిలిన బాకీ మీదా అని ఏజెంటును నిలదీయదు.

పైగా ఈ లెక్క మన జనానికి కొత్తదేమీ కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకని, ఏడు తిరిగేసరికి నూటికి ఇరవై నాలుగని సంతలో కూరగాయలమ్మే అవ్వకూ తెలుసు. పావలా వడ్డీ తెచ్చిన రోజుల్లో ఏడాదికి 3 శాతాన్ని పొదుపు సంఘాల మహిళల నోటి మాటలోకి మార్చడం ప్రభుత్వానికి బాగానే చేతనైంది. ప్రచారానికి పనికొచ్చిన ఆ తెలివి పాఠానికి ఎందుకు పనికిరాదు? నూటికి పది అంటే పదో వంతు, అందులో సగం ఐదు, నూరో వంతు ఒకటి. ఈ మూడూ తెలిస్తే 18 శాతం జీఎస్టీని కాగితం లేకుండానే లెక్కగట్టవచ్చు. యాభై శాతం తగ్గింపుపై మరో ఇరవై అని తిరుపతి బట్టల దుకాణం బోర్డు పెడితే, వెయ్యి రూపాయల చీర మూడు వందలకు కాక నాలుగు వందలకు వస్తుందని అక్కడికక్కడే తేలిపోతుంది.

దీనికి కొత్త పుస్తకాలు అచ్చువేయనక్కరలేదు. కుప్పంలో పాల చీటీ, బంగారుపాళ్యంలో మామిడి తూకం చీటీలోని తరుగు, శ్రీసిటీ కార్మికురాలి జీతం చీటీలో 12 శాతం పీఎఫ్, 0.75 శాతం ఈఎస్ఐ కోత చాలు. జీవన నైపుణ్యాల కింద ఆర్థిక అక్షరాస్యత కూడా నేర్పాలని ఉల్లాస్ కార్యక్రమ పత్రాల్లోనే ఉంది. కాగితంపై ఒప్పుకున్నదాన్ని తరగతిలోకి తేకుండా పరీక్ష పెట్టడం, పత్రాలు పంచడం, శాతం ప్రకటించడం ఆనవాయితీగా స్థిరపడితే, రేపు జిల్లాకు జిల్లానే సంపూర్ణ అక్షరాస్యమని చాటినా ఏజెంటు ఇరవై అన్న చోట ముప్పయి ఐదు కడుతూనే ఉంటారు.

అక్షర తపస్మాన్ అనే అక్షరాస్యత ఉద్యమంతో ఊరూరా పలక పట్టించిన చిత్తూరు జిల్లాకు ఇది తలవంపు. వచ్చే పరీక్షలో లెక్కల విభాగానికి ఓ అప్పు పత్రాన్ని, ఓ పాల చీటీని ప్రశ్నగా ఇవ్వాలి. అందుకు మనసొప్పని అధికారులు వేదికనెక్కి మరో ఉత్తీర్ణత శాతం చదవబోయే ముందు, ఆ అంకెకు అర్థమేమిటో ఎదుట కూర్చున్న ఉత్తీర్ణులకే వివరించి కిందికి దిగాలి.