మొక్కజొన్న సంచీ, మూడు టమాటాలు

నిన్న సాయంత్రం మద్దిలపాలెం జంక్షన్లో నా పరువు రోడ్డున పడింది, రెండు కిలోల టమాటాలతో సహా. కొట్టువాడు పది రూపాయలు పుచ్చుకుని మరీ ఇచ్చిన ఆకుపచ్చ సంచీ అది. "మొక్కజొన్న పిండితో చేసిందమ్మా, మట్టిలో కలిసిపోద్ది" అన్నాడు. మట్టి దాకా ఎందుకు? కొత్తిమీర కట్ట తడి తగిలేసరికి అడుగు మెత్తబడి, సాగి, ఆటో ఎక్కేలోపే చిరిగింది. అసలే విశాఖ ఉక్క, డబ్బాలో ఉప్పే నీరుకారుతుంది. పిండి తేమ పీల్చకుండా ఉంటుందా?

పోనీ భూమికి మేలే కదా అని పోయిన వేసవిలో ఇలాంటిదే ఒకటి మందార మొదట్లో పాతాను. మొన్న తవ్వితే మీద అచ్చేసిన ఆకు బొమ్మ కూడా చెక్కుచెదరలేదు! చాలావాటిలో పిండితో పాటు పీబ్యాట్ అనే పెట్రోలియం సరుకూ కలుపుతారు. అది త్వరగా కుళ్లాలంటే కంపోస్టు ప్లాంట్లో 58 డిగ్రీల దాకా వేడి వారాల తరబడి ఉండాలి. మన రోహిణీ కార్తె వల్ల కూడా కాదది. చేతిలో ఉండమంటే ఉండదు, మట్టిలో పొమ్మంటే పోదు.

గుడ్డసంచీ పట్టుకెళ్లమని మా అత్తగారు వాకిట్లోనే అన్నారు. ఆవిడకి ఇంకా చెప్పలేదు. మిగిలిన మూడు టమాటాలతోనే పప్పు కానిచ్చేశాను.